కొండ లోపలి దారి

భీమారావు బీరువా తలుపు లోపలివైపు ఒక కాలెండరు కాగితం అంటించి ఉంటుంది. ఆ కాలెండరు చెల్లిపోయి చాలా ఏళ్ళయింది. కాగితం మీద ఒక నది, నదికి అడ్డంగా కర్రవంతెన, ఒడ్డున నీళ్ళలోకి వంగి చూస్తున్నట్టున్న పాత చెక్కమేడలు. ఒడిశాలోని సునాబెడ ఇంజన్ల ఫ్యాక్టరీలో అతను కొత్తగా చేరిన రోజుల్లో పక్క మిషను మీద శ్రీనగర్ మనిషి ఒకతను పనిచేసేవాడు. బదిలీ మీద వెళ్ళిపోతూ ఆ కాగితం చింపి ఇచ్చాడు. వంతెన మీద వేలు పెట్టి, ఇది మా వీధి అన్నాడట.

పద్మకుమారి చీర కోసం బీరువా తెరిచినప్పుడల్లా ఆ నది కనిపించేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో దాన్ని చూసి ఆమె ఎన్నడూ భయపడలేదు. బొమ్మ బొమ్మే కదా అనుకునేది.

ఈ ఏడాది చివర భీమారావు రిటైరవుతాడు. ఫ్యాక్టరీ ఖర్చుల మీద చేసే ప్రయాణాల్లో ఈ శ్రీనగర్ ప్రయాణమే ఆఖరు. సెప్టెంబరు వాన ఇంకా వదల్లేదు. ఒక సాయంత్రం అతను మోత పెరగడానికి ఫోను కంచంలో నిలబెట్టి, బాగా వినిపించే చెవి దానివైపు తిప్పి, రాయగడలో ఉద్యోగం చేస్తున్న కూతురితో మాట్లాడుతున్నాడు. పద్మకుమారి కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు తరుగుతోంది.

“ఇశాపట్నం దాకా కారులో దిగిపోదాం. మీయమ్మకి రైలు వాసన పడదు గానీ, అక్కడ్నుంచి ఎలగోలా ఓర్సుకుంటాది. ఢిల్లీలో మారితే తెల్లారికి కొండ కింద దిగుతాం. అక్కడ్నుంచి కొత్త రైలు.”

“ఊళ్ళో మూడు రోజులే నాన్నా. నవంబరు ఆఖర్న తప్ప నాకు సెలవు దొరకదు. సాల్దా?” అంది ధరణి.

“సాల్తాది. నాను ఆ వంతెన మీద ఒక పాలి నిలబడాలి. అంతే. మిగిలిందంతా మీ ఇష్టం. కోటంటే కోట, పడవంటే పడవ.”

“ఆ వంతెన ఇంకా ఉందో లేదో!”

“లేపోతే అది ఉన్న సోట నిలబడతాను.”

పద్మకుమారి తల ఎత్తకుండా అడిగింది. “ఆ కొత్త రైలు కొండ ఎక్కుతాదా?”

“ఎక్కడం ఏటి, కొండలోంచి దూరిపోద్ది! ఒక్కో సొరంగం ఎంతుందనుకున్నావు? లోపలికెల్లినప్పుడు టీ పోసుకుంటే బయటికొచ్చేసరికి సల్లారిపోద్దట.”

కత్తిపీట ఆగింది. వేలు తెగలేదు. కానీ తెగినట్టే చెయ్యి వెనక్కి తీసుకుంది.

“విమానంలో ఎల్లరేటి ఆ ఊరికి?”

“నా సెవి సంగతి మర్సిపోయేవా? ఆపరేసను సేసిన డాక్టరు విమానం వద్దన్నాడు కదా.”

“రోడ్డు?”

“రోడ్డుకీ సొరంగాలే అమ్మా,” అంది ధరణి. “కొండ మీదనుంచి ఎల్లే పాత దారి ఒకటుందట గానీ, మంచు పడితే మూసేస్తారట. మనం ఎల్లేసరికి మూసేస్తారు. ఎందుకు?”

“ఏటీ లేదు. ఊరికే.”

తరిగిన ముక్కలు నీళ్ళలో వేసి లోపలికి వెళ్ళింది. పొయ్యి దగ్గర గట్టు పట్టుకుని నిలబడింది.

*

మర్నాటికి భీమారావు నోట వీధిలో వాళ్ళందరికీ తెలిసిపోయింది, పద్మకుమారి కాశ్మీరుకి భయపడుతోందని. పక్క క్వార్టరు సుభశ్రీ ములగాకు పట్టుకుని వచ్చింది. పద్మకుమారి దగ్గర తెలుగు నేర్చుకున్న ఒడియా మనిషి. ఆమె తెలుగులోనూ శ్రీకాకుళం యాసే ఉంటుంది.

“అడుక్కొక మిలిటరీ ఉంటాడు దీదీ. మన సంతలో కంటే అక్కడే నయం. కిఛి హెబొ నాహి, ఏటీ అవదు. మా అన్నయ్య పోయిన వేసవిలో ఎల్లొచ్చేడు. శాలువా తెచ్చేడు. నీకు శాలువా వద్దా?”

“టీవీ సూసి బెదిరిపోనాది మీ దీదీ,” అన్నాడు వరండాలోంచి భీమారావు. “అంత భయమున్నోళ్ళు టీవీ ఉన్న గదిలో కూడా కూకోకూడదు.”

పద్మకుమారి నవ్వింది. తుపాకుల భయం అనుకోనిచ్చింది. ఆ భయానికి ఊళ్ళో గౌరవం ఉంది. అందరూ ఓదార్చగలిగే భయం అది. తనదాన్ని నోటితో అనడానికి కూడా ఆమెకు భయమే.

ఆమె తండ్రి కూర్మయ్య శ్రీకాకుళం వైపునుంచి రైల్వే పనికి వచ్చాడు. కోరాపుట్ నుంచి రాయగడకి కొండల్లోంచి లైను వేస్తున్న కాలం. ఒక సొరంగం దగ్గర కూలీల గుడిసెలు ఉండేవి. కూర్మయ్య లోపల రాతికి డ్రిల్లు కొట్టేవాడు. సొరంగం మూతి దగ్గర పసుపు రాసిన రాయి, దాని ముందు దీపం, నిమ్మకాయలు. పనివాళ్ళు ఆ రాతిని కొండమ్మ అనేవాళ్ళు. లోపలికి వెళ్ళేముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టేవాళ్ళు. వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. రెండు వైపులనుంచి తవ్వుకొస్తున్న దారులు కలిసి, అవతలి వెలుగు ఇవతలికి కనిపించేదాకా ఆడది లోపల అడుగు పెట్టకూడదు. పెడితే కొండ ఊరుకోదు.

పద్మకుమారికి అప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయి. ఒకరోజు తల్లికి జ్వరం వచ్చింది. కేరేజీ పట్టుకుని తను వెళ్ళింది. మూతి దగ్గర ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళకి ఇచ్చి రావాలి. ఆ రోజు ఎవరూ లేరు. పిలిచింది. పిలుపు లోపలికి పోయి తిరిగి రాలేదు. దూరంగా ఒక బల్బు వెలుగుతోంది. ఆ వెలుగు దగ్గర తండ్రి దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఆమెకు ఎక్కడైనా తెలుస్తుంది. అది పట్టుకుని నడిచింది. కాళ్ళ కింద చల్లటి నీళ్ళు. గోడలు చెమట పట్టి ఉన్నాయి. కూర్మయ్య ఆమెను చూసి కేరేజీ లాక్కుని, “ఎందుకొచ్చేవే? పో, పో!” అన్నాడు. పరుగెత్తింది. ఎండలోకి వచ్చి ఊపిరి తీసుకుంటుండగా వెనక పెద్ద చప్పుడు. తర్వాత మూతిలోంచి దుమ్ము, నెమ్మదిగా, పొయ్యిలోంచి పొగ వచ్చినట్టు.

పక్క గుడిసె కన్నయ్య కాలు మీద రాయి పడింది. అతన్ని దుప్పటిలో మోసుకొస్తుంటే భార్య అప్పమ్మ గుండెలు బాదుకుంటూ అందరి ముందూ అంది. “ఆడగుంట లోపలికెల్లింది. కొండ ఊరుకుంటాదా?”

కూర్మయ్య కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. మర్నాటినుంచి కేరేజీ తెమ్మనలేదు. తనే మూతి దాకా వచ్చి భార్య చేతిలోంచి తీసుకునేవాడు. ఆ మౌనాన్ని పిల్ల తనకి తోచినట్టు అర్థం చేసుకుంది.

ఆ తర్వాత ఆమె ఏ సొరంగంలోకీ వెళ్ళలేదు. లైను పూర్తయింది, రైళ్ళు నడిచాయి. ఊళ్ళోవాళ్ళంతా పెళ్ళిళ్ళకీ ఆస్పత్రులకీ ఆ రైల్లోనే తిరిగారు. ఆమె బస్సెక్కేది. చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో కవరు, ఘాటు రోడ్డు మలుపుల్లో వాంతి. అడిగినవాళ్ళకి రైలు వాసన పడదని చెప్పేది. కూర్మయ్య రాయగడలో పోయినప్పుడు వానలు. ఘాటులో రోడ్డు తెగింది. రైళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఆమె బస్సులో కూర్చుని రోడ్డు బాగయ్యేదాకా ఎదురు చూసింది. చేరేసరికి చితి చల్లారింది. తమ్ముడు ఆమె మొహం చూడకుండా, “రైల్లో వొస్తే అయ్యని సూసేదానివి కదక్కా,” అన్నాడు. ఆ రైల్లో ఎందరు పిల్లలున్నారో అతనికేం తెలుసు అనుకుంది.

ఆమె భయం తన ప్రాణం గురించి కాదు. తను లోపలికి వెళితే కొండ పడుతుంది. పక్కన ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది.

*

“మీరిద్దరూ ఎల్లండి,” అంది ఆ వారంలో ఒకరోజు, అన్నం వడ్డిస్తూ. “నాకు సలి పడదు.”

“మొన్న తుపాకులన్నావు. ఈరోజు సలా?”

“రెండూ.”

భీమారావు ముద్ద కలిపి నోట్లో పెట్టుకోలేదు. “నువ్వు లేకుండా నానొక్కణ్ణీ ఆ వంతెన మీద నిలబడి ఏటి సేస్తాను? ఫొటో తీయించుకుని నీకు సూపించాలా? పక్కింటోళ్ళకి సూపించినట్టు?”

“ధరణి ఉంటాది కదా.”

“ధరణికి ఆ వంతెన తెలవదు. రోజూ బీరువా తీసి సూసింది నువ్వు.”

అంతే అన్నాడు. ప్రయాణం లెక్కలు రాసుకున్న కాగితాలు మడిచి రేడియో కింద పెట్టాడు. ఆ తర్వాత శ్రీనగర్ మాట ఇంట్లో వినిపించలేదు. కోపం ఉంటే ఆమెకు తేలికయ్యేది. కోపం లేదు. పొద్దున్న బీరువాలోంచి చొక్కా తీసుకునేటప్పుడు తలుపు కొంచెమే తెరుస్తున్నాడు, చెయ్యి పట్టేంత. ఆమె అది చూసింది. చూసినప్పుడు, అతను మోస్తున్న బరువు తనే ఎత్తి పెట్టినట్టు అనిపించింది.

కన్నయ్య, అప్పమ్మ ఊరికి తిరిగి వెళ్ళలేదని, రాయగడ లైను మీది టికిరిలో ఎండుచేపలు అమ్ముకుంటున్నారని తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. ఆ పేరు వచ్చినప్పుడల్లా ఆమె మాట మార్చేది. ఇప్పుడు తనే వెళ్ళి అప్పమ్మని అడగాలనుకుంది. ఏం అడగాలో తెలియదు. నలభై ఏళ్ళ కిందట తన మీద మాట వేసిన మనిషే దాన్ని తియ్యగలదేమో. తియ్యకపోతే ఇంకెవరూ తియ్యలేరు.

ఆ వారం టికిరి సంత రోజున ధరణికి సెలవు కలిసింది. ఇంటికి వచ్చి ఉంది. తిరిగి రాయగడ వెళ్ళాలి.

“టికిరి దాకా నాతో బస్సులో రా. అక్కడ ఒక పాత మనిషిని సూడాలి. నువ్వు అక్కడ రైలెక్కి ఎల్లిపో. నాను మళ్ళీ బస్సులో వచ్చేస్తాను.”

“ఎవులమ్మా?”

“సూస్తావుగా.”

*

సంత బురదగా ఉంది. కొండల మీదనుంచి వచ్చిన ఆడవాళ్ళు చోళ్ళు, అల్లం, వెదురు కొమ్ములు కుప్పలు పోసుకుని కూర్చున్నారు. ఎండుచేపల వరస చివర గోనెపట్టా మీద ఒక ముసలామె. ఆమె వెనక స్టూలు మీద ముసలాయన వేపకొమ్మతో ఈగలు తోలుతున్నాడు. ఒక కాలు మోకాలి కింద ఎండుకొమ్మలా వంకర తిరిగి ఉంది.

పద్మకుమారి ముందు ఆ కాలు చూసింది. వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. ధరణి వెనకే నిలబడి ఉంది.

“నెత్తళ్ళా, రొయ్యపొట్టా?” అంది ముసలామె తల ఎత్తకుండా.

“అప్పమ్మత్తా, నాను కూర్మయ్య కూతుర్ని.”

“ఏ కూర్మయ్య?”

“సొరంగంలో డ్రిల్లు కొట్టేవోడు. మీ పక్క గుడిసె.”

అప్పమ్మ చూసింది. కళ్ళు చిట్లించింది. “ఒలమ్మా! ఆ కేరేజీ గుంటవా! ఎంత లావయిపోనావే! ఇటు సూడయ్యో, కూర్మయ్య కూతురంట. నీ కూతురా ఈ గుంట? నీకంటే బాగుంది.”

కన్నయ్య పళ్ళు లేని నోటితో నవ్వాడు. “మీ అయ్య దగ్గు నాకింకా ఇనబడతాదమ్మి.”

పద్మకుమారి చతికిలబడి కూర్చుంది. చీర అంచు బురదలో పడింది.

“ఆ దినం నాను లోపలికెల్లేనని అన్నావత్తా. నాను ఎల్లబట్టే రాయి పడిందన్నావు.”

“అన్నానా?”

“అన్నావు,” అన్నాడు కన్నయ్య. “గుండెలు బాదుకుని మరీ అన్నావు. నాను దుప్పట్లో ఉండి ఇన్నాను.”

అప్పమ్మ తక్కెడలో చెయ్యి పెట్టి ఊరికే కదిపింది. “అనుంటాను.”

“నిజమేనా అది?”

“ఏటి నిజం?”

“నావల్లే పడిందా?”

కొండల మీదనుంచి వచ్చిన దేశియా ఆమె ఒకతె రొయ్యపొట్టు అడిగింది. అప్పమ్మ తూచి పొట్లం కట్టి, బేరమాడి, ఆమెను పంపేసి ఇటు తిరిగింది.

“అమ్మి, ఆ దినానికి ముందు నెల్లాళ్ళు మేవు లోపలికెల్తానే ఉన్నాం. గొట్టం పగిలిపోనాది. డ్రిల్లుకి నీళ్ళు కావాల. ఎవులు మోసేరనుకున్నావు? నాను, మీయమ్మ, ఇంకా ఇద్దరాడోళ్ళు. సీకటి పడ్డాక బిందెల్తో మోసేం. పైకి సెప్పకండని మేస్త్రీ అన్నాడు.”

“మా అమ్మ కూడానా?”

“మీయమ్మే ముందు. నెల్లాళ్ళూ ఒక్క బెడ్డ రాలనేదు.”

“మరి నన్నెందుకన్నావత్తా?”

“ఎవుల్నో ఒకల్ని అనాల కదమ్మి! మేస్త్రీనంటే పని పోద్ది. కొండనంటే కొండమ్మకి కోపం. మమ్మల్ని మేవే అనుకుంటే రేపట్నుంచి ఎలగ తింటాం, ఎలగ పడుకుంటాం? నువ్వు సిన్నగుంటవి. ఆడుకుంటా మర్సిపోతావనుకున్నాను.” ఆమె పద్మకుమారి మొహంలోకి చూసి, గొంతు తగ్గించింది. “మర్సిపోనేదా?”

పద్మకుమారి కన్నయ్య వైపు తిరిగింది. “అలగయితే రాయెందుకు పడింది?”

కన్నయ్య వేపకొమ్మ ఒళ్ళో పెట్టుకుని నిజంగానే ఆలోచించాడు. “సెమట తుడుసుకోడానికి ఆగేను. ఆగకపోతే తల మీద పడును. ఇంకొంచెం ఆగితే నా మీద ఎక్కడా పడకపోవును. రాయి కదమ్మి. దానికి మనం తెలవదు.”

అప్పమ్మ రొయ్యపొట్టు పెద్ద పొట్లం కట్టి ఆమె ఒళ్ళో పెట్టింది. వద్దన్నా వినలేదు.

*

స్టేషను వైపు నడుస్తుంటే ధరణి ఆపుకోలేకపోయింది.

“ఇన్నేళ్ళూ ఇదా అమ్మా? రైలు వాసన కాదా? నాన్నకి ఎందుకు సెప్పలేదు?”

“సెబితే నవ్వుతాడు. నవ్వి, సెయ్యి పట్టుకుని ఎక్కిస్తాడు. ఎక్కించేక పడితే?”

“సరే, ఇప్పుడు నువ్వు కాదని తేలిపోయింది కదా. పీడా వదిలింది. నవ్వవే!”

పద్మకుమారి నవ్వలేదు. వదిలిందనే తనూ అనుకుంది, పొట్లం ఒళ్ళో పడిన క్షణంలో. పది అడుగులు వేసేసరికి ఇంకో భయం వచ్చి కూర్చుంది, మునుపటికంటే పెద్దది. ఇన్నాళ్ళూ కొండ పడాలంటే తను లోపల ఉండాలి. తను బయట ఉన్నంతకాలం లోపలివాళ్ళకి ఏమీ కాదు. ధరణి వారం వారం ఈ లైను మీద తిరుగుతుంటే, భీమారావు పనిమీద విశాఖ వెళుతుంటే, ఆమె ఇంట్లో హాయిగా వంట చేసుకునేది. తను బస్సులో వాంతులు చేసుకుని ఎన్ని రైళ్ళనో దాటించింది. తండ్రి ఆఖరి చూపు వదులుకుని ఒక బండి నిండా మనుషుల్ని కాపాడింది. అలా అనుకునే బతికింది.

ఇప్పుడు రాతికి తను అక్కర్లేదు. ఎవరూ అక్కర్లేదు. తను బయట ఉన్నా పడుతుంది. ధరణి ఒక్కతే ఉన్నా పడుతుంది.

ప్లాట్‌ఫారం మీద జనం లేచారు. రైలు వంపు తిరిగి కనిపించింది. రాయగడ వైపు వెళ్ళేది.

“జాగర్తగా ఎల్లమ్మా. బస్సు ఎక్కేక ఫోన్ సెయ్యి,” అంది ధరణి సంచి భుజానికి వేసుకుని.

ఆమె పెట్టె మెట్టు మీద కాలు పెట్టింది. పద్మకుమారి ఆ కాలు చూసింది. సన్నటి, ఏ వంకా లేని కాలు. వెనకే తనూ కడ్డీ పట్టుకుంది.

“అమ్మా! ఎక్కడికి?”

“జరుగు. వెనకాల జనం ఉన్నారు.”

“టిక్కెట్టు లేదే నీకు!”

“అడిగితే కడతాం. జరగవే.”

లోపల కిటికీ పక్కన ఒక ముసలాయన జరిగి చోటిచ్చాడు. పద్మకుమారి పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. రైలు కదిలింది. రొయ్యపొట్టు వాసనకి ఎదురుగా ఉన్న పిల్ల ముక్కు మూసుకుంది. ఆమె ఫోను తీసి భర్తకి చేసింది.

“ఏటి, బస్సెక్కేవా?” అన్నాడు భీమారావు. ఫోను చెవికి సరిగ్గా పెట్టుకోలేదేమో, గట్టిగా అరుస్తున్నాడు.

“మూడు టిక్కెట్లు తియ్యండి.”

“ఏటి?”

“ఆ ఊరికి. మూడు తియ్యండి.”

అవతల ఏదో తలుపు కిర్రుమంది. బీరువాదో కాదో.

“తుపాకుల భయం పోనాదా?”

“పోనేదు.”

“మరి?”

“మీ ఇద్దర్నీ దాన్లోకి ఒగ్గీసి నాను ఇంట్లో ఎలగ కూకుంటాను? నానూ ఉంటాను.”

“దేన్లోకి పద్మా? ఏదో రైలు సప్పుడవుతోంది. ఎక్కడున్నావు నువ్వు?”

ఆమె చెప్పబోయింది. ముందు పెట్టెల్లో పిల్లలు అరవడం మొదలుపెట్టారు. సొరంగం వచ్చినప్పుడల్లా ఈ లైను మీద పిల్లలు అరుస్తారు. ఆ అరుపు ఒక్కో పెట్టే దాటుకుంటూ దగ్గరికి వచ్చింది. ఫోను తెగిపోయింది.

వెలుగు పోయింది. కిటికీలోంచి చల్లటి తడిగాలి కొట్టింది. అదే తడి. అదే రాతి వాసన, ఒళ్ళో పొట్లం వాసన మీదుగా. ఎదురు సీటులో పిల్ల ముక్కు వదిలేసి నోరు తెరిచి కేక పెట్టింది. పద్మకుమారి కళ్ళు మూసుకోలేదు. కూతురి తలమీద అరచెయ్యి పెట్టి, బోర్లించిన గిన్నెలా పట్టుకుంది. ఆ చెయ్యి ఏ రాతినీ ఆపదని ఆమెకు తెలుసు.

“అమ్మా, అయిపోద్ది. ఇంకొంచెమే,” అంది ధరణి చీకట్లో.

“నువ్వు కదలకు,” అంది పద్మకుమారి.

చక్రాల చప్పుడు గోడలకి తగిలి తిరిగి వస్తోంది. ఆ చప్పుడు వెనక ఇంకో చప్పుడు ఉందేమోనని వింటూ, చెయ్యి తియ్యకుండా, ఆమె వెలుగు కోసం ముందుకి చూస్తూ కూర్చుంది.